సుభద్ర ఆంటీ బోటు నడిపిన వేసవి

మొన్న గరాజ్ సర్దుతూ పాత చలికోటు జేబులో చెయ్యి పెడితే బొటనవేలికి గాలం దిగింది. ఆష్‌బర్న్‌లో, చేపల మార్కెట్టుకు కూడా సరిగ్గా వెళ్ళని మా ఇంట్లో, గాలం ఎక్కడినుంచి వచ్చిందని మా ఆయన కంగారుపడి దూదికోసం లోపలికి పరుగెత్తారు. ఆయన వచ్చేలోపు నేను మెట్టుమీద కూర్చుని ఆ వస్తువుని తిప్పి తిప్పి చూశాను. గరిటె కాడ విరిగిపోతే మిగిలే ముక్కలా ఉంటుంది. ఒకవైపు వెండి రంగు, రెండోవైపు ఆకుపచ్చ, చివర మూడు ముళ్ళ గాలం. అమెరికన్లు దాన్ని స్పూన్ అంటారు, సుభద్ర ఆంటీ చెంచా అనేవారు. నీళ్ళలో లాగుతుంటే అది తళుక్కుమంటూ చిన్నచేపలా తిరుగుతుంది, పెద్దచేప చూసి మోసపోతుంది. ఆంటీ పోయి అప్పటికి మూడు వారాలు. వాళ్ళబ్బాయి కిరణ్ ఫోన్ చేసి చెప్పినరోజు ఆఫీసులో ఉన్నాను, ఏడవడానికి కుదరలేదు. ఇప్పుడు వేలి నెపం దొరికింది కాబట్టి తీరిగ్గా ఏడ్చాను.

నేను ఎమ్మెస్ చదవడానికి కరీంనగర్ నుంచి మిల్వాకీ వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు టపటపా రాలిపోతున్నాయి. మా సీనియర్లు పగలంతా పైజామాల్లో తిరుగుతూ రెజ్యూమేలు దిద్దుకునేవారు. మొదటి వేసవికి నాకు ఇంటర్న్‌షిప్ దొరకలేదు. వచ్చినప్పటినుంచీ రంగారావు అంకుల్, సుభద్ర ఆంటీల ఇంట్లో మేడమీది గదిలో అద్దెకు ఉండేదాన్ని. అంకుల్ ట్రాక్టర్లు చేసే ఫ్యాక్టరీలో ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆంటీ కాకినాడలో లెక్కల టీచరు, పెళ్ళయి ఇక్కడికొచ్చాక కూడా ఒక బడిలో పాతికేళ్ళు అవే లెక్కలు చెప్పారు. ఆవిడ దగ్గర ఏ పనికైనా ఒక ఎక్కం ఉండేది. గుడ్డు ఉడకడానికి పంతొమ్మిదో ఎక్కం మూడుసార్లు, కాఫీ డికాక్షన్ దిగడానికి పదిహేడో ఎక్కం పైకీ కిందికీ. స్టవ్ దగ్గర నిలబడి పెదవులు కదుపుతుంటే చూసినవాళ్ళు దైవభక్తి అనుకునేవారు.

ఆ ఇంటి ఆదివారాలకు పెట్రోలు వాసన, ఇంగువ వాసన, చేపల వాసన కలిసి ఉండేవి. అంకుల్‌కి మిషిగన్ సరస్సు మీద ఇరవై రెండడుగుల బోటు ఉండేది. సరస్సు అంటే మన ఊరి చెరువు కాదు, ఆ ఒడ్డు కనపడదు, గాలి లేస్తే అలలు సముద్రంలాగే కొడతాయి. అందులో సాల్మన్లూ ట్రౌట్లూ ఉంటాయి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ప్రతి ఆదివారం తెల్లవారుతూనే ఆయన రేసీన్ రేవుకు వెళ్ళిపోయేవారు. ఆంటీ నాలుగింటికే లేచి ఇడ్లీలు, కారప్పొడి, ఫ్లాస్కులో కాఫీ, రెండు అరటిపండ్లు కట్టి ఇచ్చేవారు. ఆయన తెచ్చిన చేప వంటింటి గడప దాటకూడదు. అంకుల్ గుండె ఆపరేషన్ అప్పుడు మొక్కుకుని ఆంటీ నీచు మానేశారు. అందుకని గరాజ్‌లో ఒక కరెంటు పొయ్యి, దానికో బాణలి, వేరే ఉప్పూ పసుపూ ఉండేవి. మానేసినా వండేది మాత్రం ఆవిడే. పులుసు మీద మొహం పెట్టి వాసన చూసి, ‘ఉప్పు చాల్లేదు’ అనేవారు. ఒక్కసారి కూడా తప్పలేదు.

నేనొచ్చిన మొదటి చలికాలంలోనే అంకుల్ చూపు పోయింది. గ్లాకోమా ఎప్పటినుంచో ఉందట, చుక్కలమందు వేసుకోవడం బద్ధకించారు. మార్చి నాటికి మనుషులు నీడల్లా కనిపించడం తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన అసలే ముక్కోపి. ఆ కోపం కూడా పోయి, రోజంతా గదిలో రేడియో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. కాఫీ చల్లారిపోయిందని కూడా తిట్టేవారు కాదు. అది చూసి ఆంటీకి భయం వేసింది. డాలస్ నుంచి కిరణ్ ఫోన్ చేశాడు. “నాన్నా, బోట్ సేల్ చేసేయండి. ఇంక సేఫ్ కాదు” అన్నాడు. స్పీకర్‌లో విన్న అంకుల్ సరేనన్నారు. ఎవరో ఒకాయన ఫోన్‌లోనే బేరం కుదుర్చుకుని, సెప్టెంబరు మొదట్లో వచ్చే సెలవుల శనివారం వచ్చి బోటు తీసుకెళ్తానన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆంటీ గరిటె కింద పెట్టి, “నేను నడుపుతాను” అన్నారు.

“ఏవిటి, బోటా?” అని అంకుల్ చాలా నెలల తర్వాత నవ్వారు. “కారు టెస్టు నాలుగుసార్లు తప్పినదానివి.”

“అయిదోసారి పాసయ్యాను కదా. వినండి. వాళ్ళొచ్చే లోపల నేను బోటు నడిపి, ఒక పెద్ద సాల్మన్ పట్టించి, రేవులో డాక్ చెక్కల పక్కన ఎవరి చెయ్యీ పడకుండా నిలిపితే బోటు అమ్మకూడదు. చెయ్యలేకపోతే నేనే తాళాలు ఇచ్చేస్తాను.”

“ఎందుకే ఇదంతా?”

“ఇన్నేళ్ళూ మీకు డబ్బా కట్టి పంపించి ఒడ్డున కూచున్నాను. ఇప్పుడు మీరు కూడా ఒడ్డున కూచుంటారా? నాకిష్టం లేదు.” ఆవిడ గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. “మీరూ బోట్లో రావాలి. కానీ నోరెత్తకూడదు. కారు నేర్పించినప్పుడు అరిచినట్టు అరిస్తే నీళ్ళలోకి తోసేస్తాను.”

అంకుల్ సరేనన్నారు. ఆవిడ నావైపు తిరిగారు.

“నేనొస్త ఆంటీ” అన్నాను. “నాకు ఈ సమ్మర్ల ఏం పని ఉన్నది గనక?”

జూన్ అంతా ఆంటీ రేవు లోపలే గుండ్రంగా తిరుగుతూ బోటు నేర్చుకున్నారు. ఎర్రటి లైఫ్‌జాకెట్ కింద నేత చీర, కాళ్ళకి టెన్నిస్ బూట్లు. కారుకి ఉన్నట్టు బోటుకి బ్రేకు ఉండదని ఒంటికి పట్టడానికి ఆవిడకు మూడు వారాలు, డాక్ చెక్కలకు మూడు దెబ్బలు పట్టాయి. జులైలో సరస్సు మీదకు వెళ్ళాం. మొదటిరోజు స్టీరింగుకు పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అరటిపండ్లు నైవేద్యం పెట్టారు. పక్క బోటు వాల్టర్ అని, బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దాయనది. ఆ పండ్లు చూడగానే పాము కనిపించినట్టు వెనక్కి గెంతాడు. ఈ సరస్సు మీద ఎవరూ బోటులోకి అరటిపండు తేరట, తెస్తే చేప దగ్గరకు రాదట. “రంగాకి తెలుసే! ప్రతి ఆదివారం గేటు దగ్గర కాపలా అతనికి ఇచ్చేసి వచ్చేవాడు” అన్నాడు.

ఆంటీ నెమ్మదిగా భర్తవైపు చూశారు. పదిహేనేళ్ళ అరటిపండ్లు. అంకుల్ మొహం నీళ్ళవైపు తిప్పుకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు. ఆయన అంతే, చెబితే గొడవ అవుతుందనుకున్న సంగతి కడుపులోంచి బయటకు రానివ్వరు. ఆంటీకి ఒళ్ళు మండింది. పండు తింటే చేపకెలా తెలుస్తుందో వాల్టర్ తనకు లెక్కకట్టి చూపించాలన్నారు, ఆ రెండు పండ్లూ అతని ఎదుటే ఒలిచి తిన్నారు.

ఇక పని ఎలా ఉండేదో చెబుతాను. బోటు వెనక రెండు పక్కలా ఒక్కో చక్రానికి ఉక్కుతీగ చుట్టి ఉంటుంది, తీగ చివర బరువైన సీసపు గుండు. గాలం తాడుని ఆ తీగకు ఒక క్లిప్పుతో తగిలించి గుండుని కిందికి వదిలితే చెంచా చల్లటి లోతుల్లోకి దిగుతుంది. సాల్మన్ అక్కడే ఉంటుంది. తరవాత మనిషి నడక కంటే కాస్త తక్కువ వేగంతో బోటుని గంటలతరబడి పోనివ్వాలి. చేప కొడితే తాడు క్లిప్పులోంచి ఊడి, అంతసేపూ వంగి ఉన్న గాలం కర్ర టప్పున నిటారుగా లేస్తుంది. ఇంతే. లోతు చూపించే మీటరు ఎప్పుడో చెడిపోయింది. ఆంటీ దానికి కూడా ఎక్కం కనిపెట్టారు. నేను చక్రం పట్టుకుని ఒకే ఒడుపుగా వదులుతుంటే ఆవిడ స్టీరింగు దగ్గరనుంచి పదమూడో ఎక్కం చదివేవారు. పదమూడు పదులు నూట ముప్పై అనేసరికి గుండు సుమారు యాభై అడుగుల్లో ఉండేది. అంకుల్ వెనక సీట్లో మూటలా కూర్చుని వినేవారు.

ఎనిమిది ట్రిప్పులు వెళ్ళాం. రెండు బుల్లి ట్రౌట్‌లు పడ్డాయి, షరతులో అవి లెక్కలోకి రావు. మా చుట్టూ ఉన్న బోట్లలో కేకలు, ఈలలు. వాల్టర్ ఒక్క పొద్దున్నే అయిదు పెద్ద సాల్మన్లు తెచ్చి మాకు చూపించకుండా దాచాలని ప్రయత్నించేవాడు, అవి దాచడానికి వీల్లేనంత ఉండేవి. ఆంటీ నిరాశపడలేదు, పంతం పట్టారు. ఉదయం నాలుగున్నరకే నా తలుపు తట్టేవారు. వేగం మీటరు గంటకు రెండున్నర మైళ్ళ దగ్గర పెడితే దాన్ని వెంట్రుకవాసి కదలనిచ్చేవారు కాదు. దిక్సూచి చూసుకుంటూ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా నడిపేవారు. వెనక నీళ్ళమీద మా బోటు గీత చూసి, “ఎలా ఉంది?” అని నన్నడిగేవారు. అద్భుతంగా ఉందనేదాన్ని. నిజంగానే ఉండేది. అరటిపండ్లు కూడా ఆగస్టులో చెప్పాపెట్టకుండా డబ్బాలోంచి మాయమయ్యాయి, నేను గమనించనట్టు ఊరుకున్నాను.

సెలవులకు ముందు గురువారం బోటు కడగడానికి ఒక్కదాన్నే రేవుకు వెళితే వాల్టర్ పిలిచాడు. “మీ మేడమ్ ఎందుకలా తిన్నగా పోతుంది? మలుపు తిప్పినప్పుడే కదా చేప కొట్టేది. లోపలివైపు చెంచా మందగిస్తుంది, బయటివైపుది పరుగెడుతుంది. ఏది కొడితే ఆ వేగం పట్టుకోవాలి. పైన మీటరు రెండున్నర చూపించినా అడుగున ప్రవాహం వేరుగా ఉంటుంది. రంగా అయితే జీవితంలో నూరడుగులు తిన్నగా నడపలేదు. అతను చెప్పలేదా?” అన్నాడు.

ఇంటికొచ్చాను. ఆంటీ గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు. చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి చెప్పేశాను. “అంకుల్‌కి ఎరుకే గదా ఆంటీ? మరి ఇన్ని రోజులు మాట్లాడకుంట ఎట్ల కూసున్నరు?” ఆవిడ తుంచడం ఆపలేదు. అన్నీ అయిపోయాక, తుంచిన ముక్కలనే మళ్ళీ తుంచుతున్నారు. ఆ రోజు అంకుల్ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. గుడ్డివాడని కూడా జాలి కలగలేదు.

శనివారం పొద్దున్న, కొనేవాడు పదకొండింటికి వస్తానన్న రోజు, చీకటి విడుతుండగా బయల్దేరాం. రెండు మైళ్ళు వెళ్ళాక, ఇంకా గాలాలు వదలకుండానే ఆంటీ ఇంజన్ ఆపేశారు. అలలు బోటు పక్కల్ని చరుస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఏవండీ, తిన్నగా పోతే పడదని మీకు తెలుసు కదా?”

“తెలుసు.”

“ఎందుకు చెప్పలేదు?”

“నువ్వే కదా నోరెత్తొద్దన్నావు.”

“నలభై ఏళ్ళలో నేను చెప్పిన ఒక్క మాటా వినలేదు. ఇదొక్కటీ విన్నారా?”

ఆయన రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని వాటివైపు తలవంచారు. “చెబితే పట్టేస్తావు సుభద్రా. నువ్వు పట్టు పడితే వదలవు, నాకు తెలీదా? పట్టేస్తే బోటు నీదైపోతుంది. ఇంక నేనెందుకు? ఆదివారం ఆదివారం నన్ను మూటగట్టి తెచ్చి ఇక్కడ కూచోబెడతావు. నా బోట్లో నేను సామానులా ఉండటం కంటే ఎవడో ఒకడు కొనుక్కుపోతే నయం అనుకున్నాను.”

నేను తల తిప్పుకున్నాను. అలాంటి మాట ఆయన నోట వస్తుందని అనుకోలేదు, గురువారం నుంచి మోస్తున్న కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. ఆంటీ ఏడుస్తారనుకున్నాను, అయ్యో పాపమంటారనుకున్నాను. ఆవిడ లేచి, బోటు ఊగుతుంటే అంచు పట్టుకుంటూ వెనక్కి వచ్చి ఆయన ముందు నిలబడ్డారు.

“నాకు కళ్ళున్నాయి. అయినా యాభై అడుగుల కింద ఏముందో నాకు కనపడదు, మీకూ కనపడదు. అక్కడ మనిద్దరం ఒకటే. ఇన్నేళ్ళూ మీరు మాత్రం కళ్ళతో చూసి పట్టారా?” అని ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఉక్కుతీగ మీద పెట్టారు. “చెప్పండి. అరవండి. నోరు మూసుకుంటే మాత్రం ఊరుకోను.”

గాలాలు దింపాం. అంకుల్ రెండు వేళ్ళు తీగమీద ఆనించి, తల కాస్త పక్కకు వాల్చి విన్నారు. లోతున గుండు పోతున్న వేగాన్నిబట్టి తీగ ఒక రకంగా సన్నగా మోగుతుంది. చెయ్యి పెట్టి చూస్తే నాకు జిల తప్ప ఏమీ తెలియలేదు. “ఎక్కువైంది. తగ్గించు. ఇంకా. ఎడమకి తిప్పు, నెమ్మదిగా... నెమ్మదిగా అంటే అదేనా? ఎద్దుని తిప్పినట్టు తిప్పుతావేం!” అని అరిచారు. మార్చి తరవాత ఆయన అరవడం అదే మొదటిసారి. ఆంటీ కూడా వెనక్కి తిరిగి అరిచారు. అలా ఇద్దరూ గొంతులు చించుకుంటూ సరస్సు మీద పాములా మెలికలు తిరిగారు. నీళ్ళమీద మా గీత చూస్తే తాగినవాళ్ళు నడిపినట్టుంది. మూడో మలుపులో కుడివైపు కర్ర టప్పున లేచింది.

తాడు గిర్రున పోతున్న చప్పుడు విన్నవాళ్ళు దాన్ని మరచిపోలేరు. కర్ర తీసి అంకుల్ చేతుల్లో పెట్టాను. ఆయనకు కళ్ళతో పనిలేకపోయింది. చేప ఎటు పోతే అటు ఒళ్ళు వంచారు, అది ఆగినప్పుడు చుట్టారు, లాగినప్పుడు వదిలారు. “బోటు దగ్గరికొచ్చింది, కిందికి దూకుతుంది చూడు” అన్నారు, అది దూకింది. వల నా చేతిలో ఉంది. మొదటిసారి వేస్తే తోకకు తగిలి జారిపోయింది. రెండోసారి తలవైపునుంచి వేసి, అంకుల్, నేను కలిసి లోపలికి లాగాం. ఇరవై పౌండ్లకు తక్కువుండదు. వెండిలా మెరుస్తూ, వీపు నల్లగా, నోట్లో ఆకుపచ్చ చెంచా. ఆంటీ స్టీరింగు వదలకుండానే మెడతిప్పి చూశారు. “ఎంతుంది?” అన్నారు. చెప్పాను. “సరే. ఇంటికి పోదాం” అని మళ్ళీ ముందుకు తిరిగారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో వెనకనుంచి తెలియలేదు.

ఇప్పుడు నేనుండే చోట కిటికీల్లేని డేటా సెంటర్లు వరసగా ఉంటాయి. మా ఆఫీసులో ఏ వేగం ఎంతుందో చూపించే తెరలు గోడంతా ఉన్నాయి. మీటింగుల్లో ఎవరూ గొంతెత్తరు. మా ఇంట్లో కూడా అంతే, మా ఆయన మేడమీదనుంచి నాకు ఫోన్‌లో మెసేజ్ పెడతారు, నేను కిందనుంచి బొమ్మతో జవాబిస్తాను. పోట్లాటలు లేవని బంధువులు మెచ్చుకుంటారు. నిజం చెప్పాలంటే నాకు వాళ్ళిద్దరిని తలుచుకుంటే అసూయ. అంత గట్టిగా అరిచి దక్కించుకోవాలని మేము దేనిగురించీ అనుకోలేదు. ఆ వేసవి చదువు మానేసి ఇంటికి పోదామని నాన్నకు ఉత్తరం కూడా రాసిపెట్టుకున్నాను. రేవుకు తిరిగొస్తున్నప్పుడు చేప పక్కన కూర్చుని, దాని నోట్లోంచి తీసిన చెంచాని కోటు జేబులో వేసుకుని, ఆ ఉత్తరం చింపెయ్యాలని నిర్ణయించుకున్నాను, ఇంటికెళ్ళాక చింపేశాను.

చేప పడినా షరతు ఇంకా పూర్తికాలేదు. రేవులోకి వచ్చేసరికి పక్కగాలి లేచింది. డాక్ మీద వాల్టర్, పక్కనే నీలం టోపీ పెట్టుకున్న కొనే ఆయన, మరో నలుగురు నిలబడి ఉన్నారు. మొదటిసారి ఆంటీ బోటు లోపలికి తిప్పగానే గాలి పక్కకు నెట్టింది. వాల్టర్ అలవాటుకొద్దీ చెయ్యి చాచాడు. “డోంట్ టచ్!” అని ఆవిడ బడిపిల్లల్ని కేకేసినట్టు కేకేస్తే పెద్దాయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వెనక్కి తీశారు. రెండోసారీ గాలే గెలిచింది, ఇంకో బెత్తెడు పోతే చెక్క పగిలేది. అంకుల్ పెదవి కొరుక్కుంటూ కూర్చున్నారు. “గాలికి ఎదురు పెట్టు. మధ్యకి కాదు, గాలి వచ్చే మూలకి” అన్నారు మెల్లిగా. ఆంటీ ఆ మాటకు ఎదురు చెప్పలేదు. మూడోసారి ముక్కుని గాలివైపు మూలకు గురిపెట్టి, ఇంజన్ తగ్గించి, బోటుని దానంతట అది జరగనిచ్చారు. పెదవులు కదులుతున్నాయి, ఏ ఎక్కమో నాకు వినపడలేదు. డాక్ రబ్బరుకు బోటు మెత్తగా ఆనింది. ఎవరూ ముట్టుకోలేదు.

నీలం టోపీ ఆయన ముందుకొచ్చి, ఫోన్‌లో మాట్లాడింది తనేనని అంకుల్‌కి చెప్పాడు. అంకుల్ ఆ గొంతువైపు తిరిగారు. “మీతో మాట్లాడినప్పుడు ఈ బోటుకి నడిపేవాళ్ళు లేరు. ఇప్పుడున్నారు. ఏదైనా ఉంటే కెప్టెన్‌ని అడగండి” అని ఇంగ్లీషులో చెప్పి, వేలితో భార్యని చూపించారు. వేలు సరిగ్గా ఆవిడవైపే ఉంది.

నీలం టోపీ ఆయన ఆంటీని అడిగాడు. ఆంటీ అమ్మనన్నారు. అంత దూరం వచ్చినందుకు క్షమించమని, సగం చేప పట్టుకెళ్ళమని మర్యాదగా చెప్పారు. ఆ మాట అంటూనే తాడు చుట్ట తీసి భర్త చేతిలో పెట్టారు.

“షరతైపోయింది. ఇప్పుడు ముట్టుకోవచ్చు. మాటలాపి బోటు కట్టండి” అన్నారు.

అంకుల్ లేచి నిలబడ్డారు. తడుముకుంటూ డాక్ కొయ్య పట్టుకుని, తాడు రెండు చుట్లు చుట్టి, బిగించి, ఒకసారి లాగి చూసుకుని, “కట్టాను” అన్నారు.